గబ్బిలాల గుహలో మా బావగారు

కాట్రేనికోన రోడ్డు మీద మా బావగారికి రొయ్యల మేత దుకాణం ఉంది. దాని వెనక గదిలో నా ల్యాబ్. చుట్టుపక్కల రైతులు సీసాల్లో చెరువు నీళ్లు పట్టుకొస్తారు, కవర్లో నాలుగు రొయ్యలు వేసుకొస్తారు. నీళ్లలో ఉప్పెంత, అమోనియా ఎంత, రొయ్య పేగులో ఏముంది అన్నది చూసి కాగితం మీద రాసిస్తాను. పాతికేళ్లుగా ఇదే పని. చచ్చిన రొయ్య మూడో రోజుకి ఎలా కంపు కొడుతుందో, చెరువు అడుగు నల్లమట్టి గోళ్ల సందుల్లో చేరితే ఎన్నాళ్లకి వదులుతుందో నాకు తెలుసు. ఆ చేతుల్ని ఒకసారి నీళ్లలో ముంచి అన్నం తినేస్తాను. నాకు అసహ్యం అనేది లేదనుకునేవాణ్ణి. అలా అనుకోవడం కొంచెం గర్వంగా కూడా ఉండేది.

మా బావగారు దీనికి పూర్తిగా వేరు. మా అక్క భర్త ఆయన, అరవై దాటాయి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు తప్ప మరొకటి వేసుకోగా నేను చూడలేదు. పొద్దుటి నుంచి మేత బస్తాల మధ్య కూర్చుని, సాయంత్రం చొక్కా మీద మరక లేకుండా లేచే మనిషి. హోటల్లో కాఫీ తాగాలంటే గ్లాసుని ఎదురుగా వేడినీళ్లతో కడిగించుకుంటారు. బస్సు సీటు తుడవందే కూర్చోరు. ఈ శుభ్రం చూస్తే నాకు చిరాకు. ఆయన తుడుస్తున్నంతసేపూ పక్కన సంచులు మోస్తూ నిలబడేది నేను కదా.

మేత కంపెనీవాళ్లు ప్రతి ఏడాదీ డీలర్లని ఎక్కడికో ఒక చోటికి తీసుకెళతారు. మొన్నటి డిసెంబర్లో మలేషియా అన్నారు. డీలరుతో పాటు ఇంకొకరు రావచ్చు. విమానం ఎక్కితే చెవులు నొప్పెడతాయని మా అక్క రానంది. "తమ్ముణ్ణి తీసుకెళ్లండి, వాడెక్కడికీ వెళ్లలేదు" అంది. అలా నా ప్రయాణం కుదిరింది.

మొదటి రెండు రోజులూ పెద్ద ఊళ్లో మేడలూ దుకాణాలూ చూపించారు. మూడోరోజు మళ్లీ విమానం ఎక్కించి బోర్నియో దీవికి తీసుకెళ్లారు. అక్కడ అది వానల కాలమట. హోటళ్లు ఖాళీగా ఉంటాయనే ఆ నెల ఎంచుకున్నారని తర్వాత ఎవరో చెప్పారు. విమానం దిగినప్పటి నుంచి వాన. మన దగ్గర తుపాను పట్టినప్పుడు గాలికి కొబ్బరిచెట్లు ఊగుతాయి, వాన కాసేపు ఆగుతుంది, మళ్లీ కొడుతుంది. అక్కడి వానకి గాలి లేదు, ఆగడం లేదు. పైనుంచి ఎవరో కుమ్మరిస్తూనే ఉన్నట్టు నిలువుగా పడింది. హోటల్ గదిలో దుప్పటి చెమ్మగా ఉంది. గోడ మూల బూజు. బావగారు తన దుప్పటి తీసి కుర్చీ మీద మడతపెట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న పంచె పరుచుకుని పడుకున్నారు.

మర్నాడు పొద్దున్న గుహలకి బయల్దేరాం. ముప్ఫై మందిమి, ఒక బస్సు. కంపెనీ మేనేజరు ముందు సీట్లో మైకు పట్టుకుని కూర్చున్నాడు. అక్కడి అమ్మాయి ఒకామె గైడు. ఇంగ్లీషులో నిదానంగా, అందరికీ అర్థమయ్యేలా మాట్లాడేది. ఆ గుహల్లో లక్షల గబ్బిలాలూ, పిచ్చుకంత నల్లపిట్టలూ ఉంటాయని చెప్పింది. ఆ పిట్టలు నోటి జిగురుతో గోడలకి గూళ్లు కట్టుకుంటాయి, ఆ గూళ్లని మనుషులు కోసి అమ్ముకుంటారు.

దారిలో ఒక దుకాణం దగ్గర బస్సు ఆపారు. అందరికీ చిన్న చిన్న కప్పుల్లో ఏదో పోసి ఇచ్చారు. ఆ గూళ్లని ఉడకబెట్టి చేసిన పానీయం అది. మేనేజరు అందరి మధ్యా తిరుగుతూ, "తాగండి సార్, ఆరోగ్యానికి చాలా మంచిది" అన్నాడు.

బావగారు కప్పులోకి చూసి, తీసుకున్న చోటే పెట్టేశారు. "నాకొద్దండి. మనిషి ఎంగిలే తాగనండి నేను, పిట్ట ఎంగిలి తాగమంటారేంటండి" అన్నారు.

చుట్టూ అందరూ నవ్వారు. రామచంద్రపురం వైపు నుంచి వచ్చిన డీలరు ఒకాయన ఉన్నాడు. ఎక్కడికెళ్లినా ఫోన్ పైకెత్తి వీడియో తీసే మనిషి. ఆయన ఫోన్ నా వైపు తిప్పి, "మీరు తాగుతారాండి?" అన్నాడు. నేను ఒక్క గుక్కలో తాగేశాను. తియ్యగా, జారుగా, కోడిగుడ్డు సొనలా గొంతులోకి దిగింది. దిగిందన్న మాటే గాని, గుహకి చేరేదాకా అక్కడే ఆగి ఉన్నట్టనిపించింది. ఎన్నిసార్లు మింగినా పోలేదు.

అడవి మొదట్లో బస్సు దిగాం. కంపెనీవాళ్లు అందరికీ ఒకే రకం నీలం రెయిన్ కోట్లు ఇచ్చారు. బావగారు విప్పి చూసి, లోపల ఎవరి చెమట వాసనో వస్తోందని తొడుక్కోలేదు. గొడుగు వేసుకున్నారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. గైడు అమ్మాయి ఆయన్ని పైనుంచి కిందికి చూసి తల అడ్డంగా ఊపింది.

అడవిలో చెక్కల బాట వేసి ఉంది. రెండు పక్కలా ఆకులు నా ఛాతీ వెడల్పున ఉన్నాయి. ప్రతి ఆకు కొస నుంచీ నీళ్లు కారుతున్నాయి. ఆ ఆకుల అంచున సన్నటి జలగలు నిలబడి అటూ ఇటూ ఊగుతున్నాయి. మనుషుల వేడి తెలుస్తుందట వాటికి. వరిచేలో కాళ్లకి పట్టే జలగలు నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే, కానీ అవి నీళ్లలో ఉంటాయి. ఇవి గాలిలో తలెత్తుకుని మన కోసం ఎదురుచూస్తున్నాయి. నా మెడ మీద చల్లగా ఏదో తగిలితే తడిమాను. మెత్తగా, రబ్బరులా వేళ్లకి అంటుకుంది. పీకితే సాగింది. సాగి, తెగకుండా, నా వేలికే పట్టుకుంది. బావగారు జేబులోంచి కాగితం తీసి దాన్ని ఒడుపుగా పట్టి దూరంగా విసిరారు. "కదలకు" అన్నారంతే.

గుహ కనబడకముందే వాసన తగిలింది. అమోనియా. ల్యాబులో రోజూ సీసాల్లో కొలిచేది అదే, కాబట్టి మొదట నాకేం కొత్తగా అనిపించలేదు. కానీ చెరువు గట్టున అది గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ పోవడానికి దారి లేదు. ముక్కులోంచి కళ్లలోకి వెళ్లింది. కళ్లు మండి నీళ్లు కారాయి. దాని వెనకే ఇంకో వాసన, తడిసి కుళ్లిన మేత బస్తాలాంటిది, తియ్యగా, బరువుగా.

లోపలికి అడుగుపెట్టాం. గుహ చాలా పెద్దది, అది నిజం. పైకప్పు ఎక్కడో చీకట్లో ఉంది, ఒక్కచోట కన్నం పడి అందులోంచి వెలుతురూ వానా కలిసి దిగుతున్నాయి. చూసేవాళ్లకి ఆ దృశ్యం అందంగా ఉంటుందేమో, నేను పైకి ఎక్కువసేపు చూడలేకపోయాను. పైకి చూసేటప్పుడు నోరు మూసుకోమని గైడు చెప్పింది. ఎందుకో అప్పుడే అర్థమైంది. పైనుంచి వాన చినుకులతో పాటు వెచ్చగా మరేవో చినుకులు కూడా పడుతున్నాయి.

గుహ మధ్యలో ఒక గుట్ట. మన ఊళ్లలో గడ్డిమేటు ఎంతుంటుందో దానికి నాలుగింతలు. అదంతా గబ్బిలాల పెంట. గుట్ట అంచుల మీదుగా, కాస్త ఎత్తున, చుట్టూ చెక్కల బాట తిప్పారు. నేను టార్చి వేశాను. గుట్ట కదులుతోంది. మొదట నా కళ్ల భ్రమ అనుకున్నాను. గుట్ట పైభాగమంతా బొద్దింకలు. ఒకదాని మీద ఒకటి, వాటి మీద ఇంకొన్ని, ఖాళీ అన్నది లేకుండా. వెలుతురు పడిన చోట నుంచి చీకట్లోకి ఒక్కసారిగా పాకితే, ఆ పాకే చప్పుడు వినబడింది. ఎండుటాకుల మీద వాన పడ్డట్టు, సన్నటి గరగర. చెక్కల మీద కూడా అవే. అడుగు వేస్తే చెప్పు కింద పటుక్కుమనేది. అడుగు వెయ్యకుండా ఉండలేం. బాట పక్కన పట్టుకోవడానికి కట్టిన కర్ర కమ్మీ మీద పొడుగు కాళ్ల జెర్రులు, నా అరచేయంత. ఒక పిట్ట పిల్ల గూట్లోంచి కింద పడితే, చూస్తుండగానే దాని మీదికి బొద్దింకలూ జెర్రులూ అన్నీ వచ్చేశాయి. గైడు దాన్ని చూపించి వివరించబోయింది. నేను తల తిప్పుకున్నాను. పొద్దున్న తాగిందంతా నోట్లోకి వచ్చింది. మింగాను. అంతకంటే రోతగా ఏదీ మింగలేదు ఇంతవరకూ.

ముందు వెళుతున్నవాళ్లు కేకలు వేస్తూ, నవ్వుతూ, ఫోన్లు పైకెత్తి నడుస్తున్నారు. మా ఇద్దరి వెనక ఆ వీడియో డీలరు ఒక్కడే. బావగారు గొడుగు మూసి చేత్తో పట్టుకుని, కమ్మీ ముట్టుకోకుండా, బాట సరిగ్గా మధ్యలో నడుస్తున్నారు. నేను ఆయన వెనక రెండడుగుల దూరంలో ఉన్నాను.

ఒక చోట కమ్మీ లేదు. గూళ్లు కోసేవాళ్లు గుట్ట మీదికి దిగడానికి వదిలిన ఖాళీ అది. అక్కడి చెక్క మీద రెట్ట, వాన కలిసి సబ్బులా జారుగా ఉంది. బావగారి కాలు జారింది. పడేటప్పుడు ఆయన అరవలేదు. గొడుగు ఒక పక్కకి ఎగిరింది, మనిషి ఆ ఖాళీలోంచి గుట్ట మీదికి కూర్చున్నట్టుగా జారి, తొడల దాకా దిగబడిపోయారు.

లేవడానికి చేతులు ఆనిస్తే చేతులూ మోచేతుల దాకా దిగాయి. ఆ తెల్ల చొక్కా మీదికి బొద్దింకలు ఎక్కడం మొదలెట్టాయి. కాలర్లోకి, చొక్కా లోపలికి, చెవి పక్క నుంచి జుట్టులోకి. ఆయన పెదాలు బిగించి, ముక్కుతో ఊపిరి తీస్తూ, తల పైకెత్తి నా వైపు చూశారు. కుడిచెయ్యి పెంటలోంచి లాగి పైకి చాపారు.

"అందుకోవయ్యా" అన్నారు.

ఆ చెయ్యి నాకు ఇంకా కనబడుతూనే ఉంటుంది. మోచేతి దాకా నల్లగా, ముద్దగా, వేళ్ల మధ్య నుంచి కారుతూ. మణికట్టు మీద మూడు బొద్దింకలు. నేను వంగితే అందేంత దూరం. బరువు గురించో, నేనూ పడిపోతానేమో అనో ఆలోచించానని చెప్పుకోవచ్చు. నేనేమీ ఆలోచించలేదు. నా చేతులు రెండూ రెయిన్ కోటు జేబుల్లోకి వెళ్లిపోయాయి, నా కాలు ఒకడుగు వెనక్కి వేసింది. అంతే.

వెనక నుంచి నవ్వు వినబడింది. వీడియో తీస్తున్నాడు.

గుహ గోడ పక్కన రేకులతో కట్టిన పాక ఒకటి ఉంది. గూళ్లు దొంగలు ఎత్తుకుపోకుండా కాపలా కాసేవాళ్లు అందులోనే ఉంటారట, రోజుల తరబడి, ఆ కంపులోనే తిని, ఆ కంపులోనే పడుకుని. అందులోంచి ఒక ముసలాయన వచ్చాడు. నుదుటికి దీపం, కాళ్లకి ప్లాస్టిక్ చెప్పులు. మా వైపు చూడనైనా లేదు. తిన్నగా గుట్ట మీదికి దిగి, బావగారి చంకల కింద చేతులు వేసి, ఛాతీకి ఛాతీ ఆనించి ఒక్క ఊపున లేపాడు. పైకి తోసి, తను ఎక్కి, చెయ్యి పట్టి నిలబెట్టాడు. వీపు మీద పురుగుల్ని అరచేత్తో దులిపాడు. ఏదో అన్నాడు వాళ్ల భాషలో, కొంచెం నవ్వాడు, వెళ్లిపోయాడు. బావగారి ఎడమ బూటు లోపలే ఉండిపోయింది.

"దెబ్బ తగిలిందాండి?" అన్నాను నేను, అప్పుడు.

"లేదు. పద" అన్నారాయన.

బయటికి వచ్చాక అటవీశాఖ వాళ్ల గది ముందు ఒక కుళాయి ఉంది. దాంట్లో వేలంత లావు నీళ్లు కూడా రావట్లేదు. బావగారు చూరు కింద నిలబడ్డారు. రేకుల మీది వాన నీళ్లు ధారగా ఆయన తల మీద పడుతుంటే చొక్కా విప్పి దులిపారు. ఇంకా రెండు రాలాయి. మిగిలినవాళ్లందరూ ఎదురు షెడ్డులో చేరి ముక్కులు మూసుకుని చూస్తున్నారు. నేను సంచిలోంచి సబ్బు తీసి, ఆయనకి కొంచెం దూరంలో గోడ మీద పెట్టాను. ఎంత కడిగినా ఆ వాసన పోలేదు. ప్యాంటు తెలుపు మళ్లీ రాలేదు.

బస్సు ఎక్కే దగ్గర మేనేజరు అడ్డం వచ్చాడు. "సార్, ఏమీ అనుకోకండి. ఏసీ బస్సు కదా, తలుపులు వేస్తే లోపల అందరికీ ఇబ్బంది. వెనక సీట్లో మీకు విడిగా ఏర్పాటు చేసేం" అన్నాడు. చివరి సీటు మీద చెత్త వేసుకునే నల్ల సంచులు కోసి పరిచారు.

"ఆయ్, అలాగేనండి" అన్నారు బావగారు.

ఆయన వెళ్లి ఆ సంచుల మీద కూర్చుంటుంటే చుట్టుపక్కల నాలుగు వరసలవాళ్లు లేచి ముందుకి వచ్చేశారు. ఎవరో సెంటు కొట్టారు. ఒకావిడ నిమ్మకాయ ముక్కుకి ఆనించుకుంది. నేను నడవాలో నిలబడి ఉన్నాను. ఆయన పక్కన చోటు ఉంది. ఆయన నన్ను చూసి చేత్తో ముందుకి చూపించారు. "నువ్వక్కడ కూర్చో. నీకు అసలే వికారంగా ఉంది" అన్నారు. నేను వెళ్లి ముందు కూర్చున్నాను. బతిమాలించుకోలేదు. రెండోసారి చెప్పించుకోలేదు. అంత తొందరగా కూర్చున్నాను.

రెండు గంటల ప్రయాణం. అద్దం మీద వాన కారుతోంది. కాసేపటికి అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఆ రామచంద్రపురం డీలరు టూరు గ్రూపులో వీడియో పెట్టాడు. కింద కళ్లనీళ్లు వచ్చేలా నవ్వే బొమ్మలు, ఒకరి తర్వాత ఒకరు. బస్సులో అక్కడక్కడా కిసుక్కున నవ్వులు. నేను చప్పుడు లేకుండా పెట్టుకుని చూశాను. ఇరవై సెకన్లు. బావగారు జారడం, దిగబడడం, తల పైకెత్తడం. తర్వాత కెమెరా నవ్వుకి ఊగిపోయి పైకప్పు వైపు వెళ్లింది. దాంట్లో నేను లేను. ఒక మూల నీలం కోటు అంచు ఉంది, అది వెనక్కి జరుగుతుంది. అందరివీ నీలం కోట్లే కాబట్టి అదెవరో చూసేవాళ్లకి తెలియదు. నాకు తెలుసు.

మా నాన్న నేను ఇంటర్లో ఉండగా పోయాడు. డిగ్రీకి అమలాపురంలో అక్క ఇంట్లో ఉన్నాను. రెండో సంవత్సరం టైఫాయిడ్ వచ్చింది. అక్క అప్పుడు పురిటికి మా అమ్మ దగ్గరికి వెళ్లింది. పదకొండు రోజులు మంచం దిగలేదు నేను. వాంతులూ, విరోచనాలూ. గిన్నెలు ఎత్తింది, గుడ్డలు ఉతికింది, తడిగుడ్డతో ఒళ్లు తుడిచింది ఈయనే. అప్పటికి ఆయనకి ముప్ఫై కూడా నిండలేదేమో. మొహం చిట్లించినట్టు నాకు గుర్తు లేదు. జ్వరంలో ఉన్నాను కాబట్టి గుర్తు లేదేమో అనుకుని కొంచెం ఊరట పడబోయాను. ఆ ఊరట కోసం వెతుక్కుంటున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది. గుహలో పుట్టినదానికంటే ఎక్కువ.

హోటల్లో ఆయన స్నానాలగదిలో చాలాసేపు ఉన్నారు. బట్టలు ఉతకడానికి హోటల్ వాళ్లకి ఇవ్వలేదు. "ఇంకొకళ్ల చేత ఇవి ముట్టించడం దేనికి" అని తనే ఉతుక్కుని, పనికిరావని తేలాక పాత పేపర్లో చుట్టి పారేశారు.

"నేను ఉతుకుతానండి" అన్నాను మధ్యలో ఒకసారి, తలుపు బయట నుంచి.

"ఎందుకులే, అయిపోయింది" అన్నారు.

భోజనాల వేళకి మళ్లీ మరకలేని తెల్ల చొక్కాతో కిందికి వచ్చారు. కాలికి నా చెప్పులు. ఆయన పళ్లెం తీసుకుని తిన్నగా ఆ డీలరు ఉన్న బల్ల దగ్గరికే వెళ్లి ఎదురుగా కూర్చున్నారు.

"వీడియో బాగా వచ్చిందాండి?" అన్నారు.

ఆ మనిషి నోట్లో ముద్ద పెట్టుకున్నాడు, నమలలేకపోయాడు. "సరదాకండి. ఏమనుకోకండి. తీసేస్తానండి" అన్నాడు.

"ఉంచండి. కాకపోతే చివర్లో పైకప్పు వచ్చేసిందండి. నన్ను లేపిన ముసలాయన పడలేదు. ఆయన కూడా పడుంటే బాగుండేదండి" అన్నారు బావగారు. తర్వాత పెరుగు ఉందేమో కనుక్కోమని నన్ను పంపారు.

ఇంటికి వచ్చిన ఆదివారం అక్క భోజనానికి పిలిచింది. వీడియో అప్పటికే ఊళ్లో తిరిగి తిరిగి అక్క ఫోన్లోకీ వచ్చింది. వడ్డిస్తూ, "మరెలా బయటపడ్డారండీ అందులోంచి?" అని అడిగింది ఆయన్ని.

"మీ తమ్ముడు లాగేడు" అన్నారు బావగారు, పప్పు కలుపుకుంటూ. "చెయ్యందించి లాగేడు. వాడు లేకపోతే ఇంకా లోపలికి దిగిపోదును."

అక్క నా వైపు చూసింది. ఆ చూపు నేను భరించలేకపోయాను. "నువ్వొట్టి మెతకవాడివి అనుకునేదాన్నిరా" అంది. నెయ్యి ఇంకో చెంచా వేసింది. నేను తల వంచుకుని తిన్నాను. కాదని ఒక్క మాట అనలేదు. ఆ నెయ్యి వాసన కూడా నాకు ఆ రోజు కంపుగానే ఉంది. అయినా పళ్లెంలో ఏమీ మిగల్చలేదు.

తర్వాత చాలా రోజులు నాకు చెయ్యి చేతిలా అనిపించలేదు. ల్యాబులో రొయ్యని కోసి పేగు తీసేటప్పుడు ఉన్నట్టుండి వికారం వచ్చేది, పాతికేళ్లలో ఎప్పుడూ లేనిది. గ్లవుజులు వేసుకోవడం మొదలెట్టాను. రైతులు వింతగా చూశారు.

నెలన్నర అయ్యాక ఒక పొద్దున్న ఇక ఉండబట్టలేక దుకాణంలోకి వెళ్లాను. బావగారు ఒక్కరే ఉన్నారు, బల్ల తుడుస్తున్నారు.

"బావగారూ, ఆ రోజు గుహలో నేను చెయ్యి ఇవ్వలేదండి" అన్నాను.

"ఆయ్" అన్నారు తుడుస్తూనే.

"ఇద్దామనే అనుకున్నానండి, కానీ..."

"అనుకోలేదు నువ్వు. నీ మొహం చూసేను కదా నేను."

ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టారు.

"మరి అక్కతో అలా ఎందుకు చెప్పేరండి?"

"ఎవరో తెలియనాయన లాగేడంటే, మా తమ్ముడేం చేస్తున్నాడంటుంది. దానికి ఇంకోటి చెప్పాలి. అదంతా దేనికి."

"నేను చెప్పేస్తానండి అక్కకి."

"చెప్తే చెప్పు, నీ ఇష్టం. నా కోసమైతే వద్దు." తర్వాత ఆ గొంతుతోనే అన్నారు, "నీకు తెలీదు గాని, ఆ ముసలాయన నన్ను నిలబెట్టి చెయ్యి వదిలేడు చూడు, వదలగానే నేను నా చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాను. ఒళ్లంతా పెంట, ఆ ప్యాంటు నిండా పెంట. అయినా ఆయన చెయ్యి తగిలిన చోటు తుడుచుకున్నాను. ఆయన చూసేడు. చూసే నవ్వేడు."

నేను ఆ నవ్వు చూశాను. దానికి అర్థం అదని నాకు తెలియదు.

"ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లి చెప్పడానికి కూడా లేదు" అన్నారు బావగారు. "ఎక్కడో బోర్నియో. పేరైనా అడగలేదు."

అప్పుడే ఒక రైతు మోటారుసైకిల్ ఆపి, నీళ్ల సీసా పట్టుకుని వచ్చాడు. రాత్రి నుంచి రొయ్యలు పైకి తేలుతున్నాయన్నాడు. నేను సీసా తీసుకుని వెనక గదిలోకి వెళ్లాను. అక్కకి ఆ సాయంత్రమే చెప్పాను. ఆవిడ చేపలు కడుగుతోంది. అంతా విని, చేతులు ఆపకుండా, "ఆయన అబద్ధమాడితే కుడికన్ను చిట్లిస్తారు, నాకు అప్పుడే తెలుసు" అంది. నా వైపు చూడలేదు. కడగడం అయ్యాక, ఆ చేపల నీళ్ల బకెట్టు తీసుకెళ్లి కొబ్బరిచెట్టు మొదట్లో పొయ్యమంది. తీసుకెళ్లి పోశాను.